ఆ మాత్ర మాత్రం తేవద్దు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

మీ నాన్నని గుణుపురం నుంచి రాయగడ తెచ్చేసుకుంటున్నావని మీ ఆవిడ ఫోన్‌లో చెప్పింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. 76 ఏళ్ల మనిషిని రెండు గదుల అద్దె ఇంట్లో పెట్టుకుని చూసుకుంటానన్నావు చూడు, ఆ మాట వినడానికి మా అమ్మ లేకపోయింది. అమ్మాయి అక్కడితో ఆపేస్తే హాయిగా పడుకునేదాన్ని. "మావయ్యకి రాత్రుళ్లు సరిగ్గా నిద్ర ఉండడం లేదు, ఏదో మాత్ర తెస్తానంటున్నారు" అంది. ఇంక నాకేం నిద్ర పడుతుంది? ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరి దాన్ని, నోటికొచ్చినట్టే రాస్తాను, తప్పులు వెతక్కు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. బాత్‌రూమ్ దారిలో లైటు వేసి ఉంచు. రాత్రి భోజనం ఎనిమిదికల్లా పెట్టెయ్యి. మా తమ్ముడు సాయంత్రం పుచ్చుకునే ఆ "ఒక్క పెగ్గు" మాన్పించు. నా పేరు చెప్పి తిడతాడు, తిట్టనీ.

ఇక మాత్ర సంగతి. నీకు ఎప్పుడూ చెప్పలేదు, మా పిల్లలకి కూడా సగమే తెలుసు.

2007 వానాకాలం. అప్పటికి నర్సుగా నా సర్వీసు 27 ఏళ్లు. మీ మావయ్యకి, అంటే మా ఆయనకి, 68. ఆయన గురక మూడో ఇంటికి వినపడేది. చిన్నప్పుడు సెలవులకి వచ్చి "మావయ్య పొట్టి రైలు నడుపుతున్నాడు" అనేవాడివి, గుర్తుందా? మా ఊరి ఆ నేరోగేజి రైలు 2004లో ఆగిపోయింది గానీ మా ఇంట్లో మాత్రం ఆగలేదు. పగలు పేపరు చేతిలో ఉండగానే కునుకు. పొద్దున లేస్తే తలనొప్పి. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేచేవారు. వయసు, ప్రోస్టేటు అనుకున్నాను. నైట్ డ్యూటీలతో అలిసిపోయి, ఆ గురక భరించలేక, మంచం నడవలోకి మార్చేసుకున్నాను. మంచం దూరం చేసుకోకపోతే ఆ తర్వాతది జరిగేది కాదేమో.

నిద్ర చాలడం లేదని రోజూ గొడవ చేస్తుంటే, తెలిసిన మందుల షాపులో నిద్రమాత్రలు తెచ్చాను. డాక్టర్ని అడగలేదు. నర్సుని కదా, నాకు తెలియనిదేముందని పొగరు. రెండు రాత్రులు ఆయన లేవనే లేదు. "నీ మాత్ర భలేగా ఉందే" అన్నారు. నేనూ మురిసిపోయాను.

మూడో రాత్రి కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగాక గురక స్పష్టంగా వినిపించింది. అంతలో అదీ ఆగింది. మళ్లీ మొదలవుతుందిలే అని పడుకునే విన్నాను. అవలేదు. టార్చి పట్టుకుని వెళితే, డొక్కలు ఎగరేస్తున్నారు, ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి లేదు. వాచీ చూశాను, 40 సెకన్లు. అప్పుడు గుటక పడ్డట్టు పెద్ద చప్పుడుతో ఊపిరి అందుకున్నారు. రెండు నిమిషాలకి మళ్లీ అదే. లేపి కూర్చోబెడితే తూగి నా భుజం మీదే పడేవారు. తెల్లారేదాకా అలా పట్టుకుని కూర్చున్నాను. పొద్దున కళ్లు తెరిచి నన్ను చూసి, "మీరెవరండీ?" అన్నారు. జీవితంలో నన్ను "నువ్వు" తప్ప అనని మనిషి.

ఆస్పత్రిలో డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మెలకువగా ఉన్నంతసేపు ఊపిరికి మెదడంతా సాయం ఉంటుంది. నిద్రలో ఆ సాయం తగ్గి, భారమంతా మెదడు అడుగున ఉన్న చిన్న భాగం మీద పడుతుంది. రాత్రి చౌకీదారు అనుకో. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే "ఊపిరి తీయ్" అని కేకేస్తాడు. వయసు మీద పడ్డాక వాడు అంత చురుగ్గా పలకడు. 1973లో ఆరోగ్యంగా ఉన్న 64 నుంచి 73 ఏళ్ల మగవాళ్లని పరీక్షిస్తే, ఆక్సిజన్ తగ్గినప్పుడు వాళ్ల ఊపిరి పుంజుకోవడం కుర్రవాళ్లలో ఉన్నదానికి నాలుగో వంతే ఉంది. వాళ్లకి ఏ జబ్బూ లేదు, వయసొక్కటే. దానికి తోడు గొంతు కండరాలు వదులవుతాయి, వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, దారి మూసుకుంటుంది.

దారి మూసుకుపోయినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి మనిషిని కాస్త లేపుతుంది. మూసుకున్న గొంతుతో గాలి కోసం గుంజుతుంటే గుండె సాగి, ఉప్పునీ నీళ్లనీ బయటికి తోసే హార్మోను వదులుతుంది, అందుకే అన్నిసార్లు ఒంటేలుకి లేవడం. నాకు జబ్బులా కనిపించిన ఆ మెలకువే ఆయన్ని కాపాడుతూ వచ్చింది. నిద్రమాత్ర గొంతుని ఇంకా వదులు చేసింది, మెలకువని ఆపింది. నేను ఆయన్ని నిద్రపుచ్చాననుకున్నాను. నిద్రపుచ్చింది చౌకీదారుని.

కాబట్టి ఒరేయ్, మా తమ్ముడికి నిద్ర ఎందుకు పట్టడం లేదో తేలేదాకా మాత్ర ముట్టుకోకు. రెండు రాత్రులు అదే గదిలో చాప వేసుకుని పడుకో. గురక వినడం కాదు, ఆగడం విను. పది సెకన్లు దాటితేనే లెక్క. పెద్దవాళ్లకి అప్పుడప్పుడూ ఆగుతుంది, గంటకి ఐదు లోపైతే కంగారు పడకు. పదిహేను, ముప్పై అంటే మాత్రం ఆలస్యం చెయ్యకు. ఆగినప్పుడు పొట్ట కదులుతోందా లేదా చూడు. కదులుతుంటే గొంతు మూసుకుంటోందని, కదలకపోతే చౌకీదారే కేక వెయ్యడం లేదని. ఊపిరి మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గి, ఆగి, మళ్లీ పెరుగుతుంటే అది వేరే. దాన్ని చెయిన్-స్టోక్స్ ఊపిరి అంటారు, గుండె బలహీనపడ్డప్పుడూ పక్షవాతం తర్వాతా కనిపిస్తుంది. అప్పుడు గుండె డాక్టరు దగ్గరికే ముందు వెళ్లు. ఫోన్‌లో వీడియో తియ్యి. నువ్వు నోటితో చెప్పేదాని కంటే డాక్టరు దాన్నే నమ్ముతాడు.

మిషను రాస్తే పెట్టించు. ముక్కుకి మాస్కు పెట్టి, గొంతు మూసుకోకుండా గాలి ఒత్తిడి పంపేది. మీ మావయ్య "ఏనుగు తొండం" అని నెల్లాళ్లు విసిరికొట్టారు, తర్వాత అది లేకపోతే పడుకునేవారు కాదు. ఆ తొండంతోనే ఇంకో పన్నెండేళ్లు ఉన్నారు. ఇన్వర్టరు కూడా కొను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేదు. పడక కుర్చీలో తల ఎత్తుగా ఒరిగించి, పక్కనే కూర్చుని రాత్రుళ్లు గడిపాను. అప్పుడు మాత్రం నడవలోకి వెళ్లలేదులే.

ఇప్పుడు నాకు 79. గురక పెడతానో లేదో చెప్పేవాళ్లు లేరు. పక్కింటి పిల్లని రెండు రోజులు వచ్చి పడుకోమన్నాను. "మామ్మా, బానే పడుకున్నావు" అంటుంది. దానికి నా కంటే ముందే నిద్ర పడుతుంది, దాని సాక్ష్యం ఎలా నమ్మను?

రాయగడ బస్సులో తెలిసినాయన చేత మూడు బనీన్లు పంపుతున్నాను. వీపు మీద జేబులు కుట్టాను. ఆ జేబులో బంతి పెడితే వెల్లకిలా తిరగలేరు, పక్కకే పడుకుంటారు. మీ మావయ్యకి కూడా ఇలాగే కుట్టేదాన్ని. బంతి మనవడి దగ్గర తీసుకో. అడిగి తీసుకో, లేకపోతే ఏడుస్తాడు.

అత్త