ఎండ ఎక్కువైతే కరెంటూ ఎక్కువేనా?

ప్రశ్న: మాది ఎండలు మండిపోయే ప్రాంతం. ఇంటి మీదకు సోలార్ ప్యానెళ్లు చూస్తుంటే ఒకరు 21 శాతం ఎఫిషియెన్సీ అంటున్నారు, ఇంకొకరు 22.5 అంటున్నారు. ఎక్కువున్నదే తీసుకోవాలా?

జవాబు: పైన చోటు బాగా తక్కువైతే తప్ప ఆ ఒకటిన్నర శాతం కోసం టెన్షన్ పడకండి. ఆ అంకెలు ప్యానెల్‌లోని సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి, మిట్టమధ్యాహ్నం అది 65కి చేరడం మామూలే. సెల్ వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది. అందుకే డేటాషీట్‌లో టెంపరేచర్ కోఎఫిషియెంట్, అంటే డిగ్రీ వేడికి ఎంత శాతం తగ్గుతుందో చెప్పే అంకె, ఎంతుందో చూడండి. పవర్‌కి సంబంధించి మైనస్ 0.35 అని ఉంటే, డిగ్రీకి అంత శాతం చొప్పున పెరిగిన 40 డిగ్రీలకు 14 శాతం పోయినట్టే. అదే మైనస్ 0.25 అయితే పోయేది 10. హెచ్‌జేటీ (హెటెరోజంక్షన్, అంటే రెండు రకాల సిలికాన్ పొరలు కలిపి చేసిన సెల్స్) రకం ఈ విషయంలో మెరుగు, ధరే కాస్త చురుక్కుమంటుంది. బిగించేవాళ్లను మాత్రం ప్యానెళ్లు కప్పుకి ఆనించి పెట్టనివ్వకండి, కింద గాలి ఆడాలి.