పెద్దల డ్రమ్ కోర్‌లో చేరాలంటే ఎంత డబ్బు పక్కన పెట్టాలి?

ప్రశ్న: నా వయసు 39. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నేను హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, వార్షిక జీతం 1,20,000 డాలర్లు. మావారు హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వారి జీవిత భాగస్వాములకు ఇచ్చే పని అనుమతి) మీద ఒక మందుల దుకాణంలో పని చేస్తారు, శనివారాలు కూడా డ్యూటీ ఉంటుంది. పదేళ్ల పాప ఉంది. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 9,800 డాలర్లు చేతికి వస్తే, అద్దె, కారు వాయిదా, విజయవాడలో అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి 8,700 ఖర్చవుతున్నాయి. అత్యవసరాలకని 14,000 దాచాం. క్రెడిట్ కార్డు మీద 23 శాతం వడ్డీతో 6,200 బాకీ ఉంది. డిగ్రీ రోజుల్లో ఎన్‌సీసీ బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించేదాన్ని. మొన్న వేసవిలో పెన్సిల్వేనియాలో పెద్దల డ్రమ్ కోర్‌ల (ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములతో మైదానంలో కదులుతూ ప్రదర్శన ఇచ్చే బృందాల) పోటీ చూశాక మళ్లీ వాయించాలన్న కోరిక బలంగా కలిగింది. మాకు 85 మైళ్ల దూరంలో ఉన్న ఒక కోర్ డిసెంబరులో ఆడిషన్లు పెడుతోంది. సీజను ఫీజు 1,700 డాలర్లు, మొత్తం 2,500 దాటదని నా లెక్క. పదవీ విరమణ పొదుపు ఖాతా 401(కె)లో నేను జీతంలో 6 శాతం వేస్తున్నాను, కంపెనీ 4 శాతం వరకు సమానంగా కలుపుతుంది. ఒక్క ఏడాది నా వాటాను 2 శాతానికి తగ్గించి ఈ డబ్బు సర్దుకోవచ్చా? ఈ వయసులో ఇది అనవసరపు ఖర్చు అంటారా?

సమాధానం: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఇది అనవసరపు ఖర్చు కాదు. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం, సంసారం, కన్నవారి బాధ్యత మోస్తున్న మనిషి తనకోసం ఒక్క సంగతి అడిగినప్పుడు, దాన్ని బడ్జెట్‌లో ఎక్కడ కూర్చోబెట్టాలో వెతకడం నా పని. అయితే మీరు వేసుకున్న లెక్కలోనూ, ఎంచుకున్న సమయంలోనూ నాకు అభ్యంతరాలున్నాయి. అందుకే నా సలహా ఇది: ఈ డిసెంబరు ఆడిషన్‌కు వెళ్లవద్దు, వచ్చే డిసెంబరుకు తప్పకుండా వెళ్లండి.

ఏడాది ఆగమని అంత ధైర్యంగా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, మీరు చేరబోయే తరగతికి వయోపరిమితి లేదు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు పట్టిన కలర్ గార్డ్ కలిసి ఫుట్‌బాల్ మైదానంలో కదులుతూ ప్రదర్శన ఇచ్చే ఈ కళకు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1972 నుంచి పోటీలు నడుపుతోంది. అందులోని యువ విభాగాలలో పాల్గొనేవారికి జూన్ 1 నాటికి 22 ఏళ్లు నిండకూడదు. ఆ పిల్లలకు ప్రతి వేసవీ లెక్కే, ఒకటి పోతే తిరిగి రాదు. పెద్దల కోర్‌లు చాలాకాలం డ్రమ్ కోర్ అసోసియేట్స్ అనే వేరే సంస్థ కింద పోటీపడి, 2024 సీజను నుంచి అదే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్‌లో అన్ని వయసుల విభాగంగా కలిశాయి. మీ రాష్ట్రంలోనే హాథార్న్‌లో 1946లో పుట్టిన కాబల్లెరోస్, పక్క రాష్ట్రంలో 1957లో మొదలైన రెడింగ్ బకనీర్స్ ఈ సంప్రదాయానికి చెందినవే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత మాజీ సైనికుల సంఘాల అండతో ఎదిగిన ఈ కోర్‌లలో ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో వాయించే నడివయసు వారు ఎప్పుడూ ఉన్నారు. మీరు 39లో చేరినా 41లో చేరినా వారికి ఒకటే. మీ ఉత్తరంలో కనిపించే తొందర యువ విభాగాల వారిది, మీరు దాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు.

ఇక ఖర్చు. కోర్‌కు కట్టే ఫీజును చూసి అదే ఖర్చు అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పెద్దల కోర్‌లకు చలికాలంలో నెలకొక వారాంతపు క్యాంపు ఉంటుంది, మే నెల వచ్చేసరికి దాదాపు ప్రతి వారాంతమూ రిహార్సలే, జులై, ఆగస్టు నెలల్లో పోటీలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా 5, ఆపైన ఆగస్టు దాకా 12 అనుకుంటే 17 ప్రయాణాలు. రానుపోను 170 మైళ్లు. 2025లో వ్యాపార ప్రయాణాలకు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నిర్ణయించిన రేటు మైలుకు 70 సెంట్లు. అందులో పెట్రోలు మాత్రమే కాక టైర్లు, మరమ్మతులు, కారు విలువ తరుగుదల కూడా కలిసి ఉంటాయి కాబట్టి ఇలాంటి అంచనాలకు నేను ఆ రేటునే వాడతాను. ఆ లెక్కన ఒక ప్రయాణానికి 119, మొత్తం 2,023 డాలర్లు. టోల్ ఒక్కో ప్రయాణానికి 20 చొప్పున 340. రాత్రి బస ఏదో ఒక స్కూలు జిమ్ నేల మీద స్లీపింగ్ బ్యాగులో కాబట్టి దానికి ఖర్చు లేదు, కాని భోజనాలకు రోజుకు 25 చొప్పున 850 అవుతుంది. బూట్లు, ప్రాక్టీస్ ప్యాడ్, కర్రలు, చెవి రక్షణ కలిపి 350 వేయండి. మీవారికి శనివారం డ్యూటీ కనుక పాపను చూసుకునేవారికి 80 చొప్పున 17 శనివారాలకు 1,360. చివరి ఛాంపియన్‌షిప్ ప్రయాణానికి 600. ఫీజుతో కలిపితే 7,223 డాలర్లు తేలుతోంది. మీరు అనుకున్నదానికి ఇది దాదాపు మూడు రెట్లు.

ఈ అంకె చూసి వెనక్కి తగ్గవద్దు. మీ వైపు నుంచే వెళ్లే మరో ఇద్దరు సభ్యులు దొరికి కారు పంచుకుంటే ఒక్క రవాణాలోనే 1,500 పైగా మిగులుతుంది. చాలా కోర్‌లలో స్వచ్ఛంద కార్యకర్తలే వంట చేసి పెడతారు, అది ఉంటే భోజనం పద్దు కూడా దిగివస్తుంది. అయినా ప్రణాళికను పూర్తి అంకె మీదే వేసుకోవాలి, తగ్గితే తగ్గినంత లాభం.

401(కె) తగ్గించే ఆలోచనను మాత్రం పూర్తిగా విరమించుకోండి. 6 నుంచి 2 శాతానికి దిగితే మీ వాటా ఏడాదికి 4,800 తగ్గుతుంది. ఫెడరల్, రాష్ట్ర పన్నులు పోగా చేతికి వచ్చేది సుమారు 3,500. అదే సమయంలో కంపెనీ కలిపే 4 శాతంలో సగం, అంటే 2,400 డాలర్లు, మీకు రాకుండా పోతాయి. ఆ సంవత్సరపు వాటాను కంపెనీ తరువాత ఇవ్వదు.

క్రెడిట్ కార్డు బాకీ ముందు తీరాలి. నెలకు 119 డాలర్ల వడ్డీ, అంటే మీరు కోర్ క్యాంపుకు ఒకసారి వెళ్లివచ్చేంత ఖర్చు, ఏమీ కొనకుండానే పోతోంది. మీకు నెలనెలా మిగిలే 1,100 మొత్తాన్నీ నవంబరు నుంచి దానికే మళ్లిస్తే ఏప్రిల్ చివరికి బాకీ దాదాపు తీరిపోతుంది, మిగిలేది ఇరవై, ముప్పై డాలర్లే. మే నుంచి ఆ 1,100ను రెండుగా విడగొట్టండి. 450 డాలర్లు డ్రమ్ కోర్ కోసమే తెరిచిన వేరే పొదుపు ఖాతాలోకి, 650 అత్యవసర నిధిలోకి, జీతం పడిన రోజే వెళ్లిపోయేలా బ్యాంకులో ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. మే నుంచి మరుసటి ఏడాది ఆగస్టు దాకా 16 నెలలకు 450 చొప్పున 7,200 సమకూరుతుంది. మీ సీజను పూర్తి ఖర్చు అంతే. డిసెంబరు ఆడిషన్ నాటికే 3,600 చేతిలో ఉంటుంది కాబట్టి ఫీజు వాయిదాలకు కార్డు గీకే అవసరం రాదు.

అత్యవసర నిధి గురించి నేను మొండిగా మాట్లాడటానికి కారణం మీ వీసా. హెచ్-1బి మీద ఉన్నవారి ఉద్యోగం పోతే కొత్త దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఈలోపు ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు ముగిస్తే అంతకన్నా తక్కువే. ఇప్పుడున్న 14,000 మీ ఇంటి ఖర్చుకు రెండు నెలలు కూడా చాలదు. పై పద్ధతిలో అది సీజను ముగిసే ఆగస్టుకు 24,400కు చేరుతుంది. నాలుగు నెలల ఖర్చు ఉండాలన్నది నా అభిప్రాయం, కాని అంతదాకా మిమ్మల్ని డ్రమ్ముకు దూరంగా ఉంచడం న్యాయం కాదు. ఈ బదిలీలు ఆగకుండా సాగుతుంటే చేరిపోండి, మిగిలినది సీజను ముగిశాక పూర్తి చేయవచ్చు.

వీసాకు సంబంధించి ఇంకొక్క మాట, దీన్ని తేలికగా తీసుకోవద్దు. ఫీజు కట్టి సభ్యురాలిగా వాయించడం అభిరుచి, దానికి ఏ అడ్డూ లేదు. కాని ఒకటి రెండు సీజన్లు గడిచాక, బాగా వాయించేవారిని పక్క హైస్కూలు డ్రమ్‌లైన్‌కు (డ్రమ్ముల బృందానికి) నేర్పమని అడగడం, చేతిలో కొంత గౌరవ వేతనం పెట్టడం ఈ లోకంలో మామూలే. హెచ్-1బి మీద మీ యజమాని వద్ద తప్ప మరొకరి వద్ద డబ్బు తీసుకుని పని చేయడం అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. మొత్తం ఎంత చిన్నదైనా, పేరు ఏదైనా అంతే. సాధారణంగా జీతం ఇచ్చే బోధన పనిని ఉచితంగా చేసినా చిక్కులు రావచ్చు. అలాంటి పిలుపు వస్తే ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

ఇప్పుడు చేతుల సంగతి. స్నేర్ డ్రమ్మును (మీరు సైడ్ డ్రమ్ అన్నదే) భుజాల మీద క్యారియర్‌తో మోస్తూ, ఎండలో గంటల తరబడి వెనక్కీ పక్కకీ అడుగులు వేస్తూ వాయించాలి. ఎన్‌సీసీ పరేడ్‌లో మీరు వాయించిన దానికి, ఇక్కడ ఒకే వరుసలో నిలబడినవారి కర్రలన్నీ ఒకే ఎత్తుకు లేచి ఒకే క్షణంలో పడేలా చేసే సాధనకు శ్రమలో చాలా తేడా ఉంది. ఆ భారమంతా పడేది మణికట్టు మీద, నడుము మీద. సోమవారం నుంచి శుక్రవారం దాకా కీబోర్డు మీద మీ కుటుంబాన్ని పోషిస్తున్నదీ ఆ మణికట్టే. కాబట్టి ఈ ఏడాది ప్రాక్టీస్ ప్యాడ్ మీద, లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని రోజూ అరగంట వాయించి చూడండి. నొప్పి వస్తే ఫీజు కట్టక ముందే తెలిసిపోతుంది. మీ ఆరోగ్య బీమాలో ఫిజియోథెరపీకి డిడక్టబుల్ (బీమా చెల్లించే ముందు మీరే భరించాల్సిన మొత్తం) ఎంతో, ఏడాదికి ఎన్ని విజిట్లు ఇస్తారో ఇప్పుడే కనుక్కోండి. న్యూజెర్సీలో మీ పే స్టబ్ నుంచి కోసే తాత్కాలిక వైకల్య బీమా, పని బయట తగిలిన గాయాలకు కూడా, అర్హత ఉంటే, గరిష్ఠ పరిమితికి లోబడి వేతనంలో 85 శాతం వరకు ఇస్తుంది. ఆ బీమా ఉందని చాలామందికి తెలియదు. చెవుల విషయంలో పొదుపు చేయవద్దు. ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంటే, డ్రమ్‌లైన్ మధ్య శబ్దం దానికి చాలా పైన ఉంటుంది. ఆడియాలజిస్టు వద్ద చెవి కొలత తీసుకుని సంగీతకారుల కోసం చేసే ప్లగ్గులు చేయించుకోండి.

పన్ను మినహాయింపు ఆశించవద్దు. కోర్‌లలో చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలే అయినా, సభ్యురాలిగా మీరు కట్టే ఫీజుకు ప్రతిఫలం పొందుతున్నారు కాబట్టి అది విరాళం కాదు. మీరిచ్చే విరాళానికి జోడుగా మీ కంపెనీ ఇచ్చే మ్యాచింగ్ విరాళాన్ని ఫీజుకు వాడటం కూడా కుదరదు.

మీరు లెక్కలోకి తీసుకోని పెద్ద ఖర్చు ఇండియా ప్రయాణం. పాప స్కూలు సెలవులు, కోర్ పోటీలు రెండూ జులై, ఆగస్టుల్లోనే వస్తాయి. అమ్మానాన్నలను చూడటానికి మీరు వెళ్లేది ఆ నెలల్లోనే అయితే, మీ సీజను ఉన్న ఏడాది ఆ ప్రయాణం డిసెంబరుకు మారుతుంది, క్రిస్మస్ సమయంలో ముగ్గురి టికెట్ల ధర తక్కువేమీ కాదు. డిసెంబరులోనే ఆడిషన్ కూడా ఉంది. అందువల్ల వచ్చే వేసవిలోనే, అంటే కోర్‌లో చేరకముందే, విజయవాడ వెళ్లివచ్చేలా చూసుకోండి. ఆ టికెట్ల డబ్బు మీ ఇంటి ఖర్చులో ఇప్పటికే ఉందో లేదో ఒకసారి చూసుకోండి, లేకపోతే అత్యవసర నిధికి వెళ్లే 650లో కొన్ని నెలలవి అటు మళ్లించక తప్పదు, నిధి నిండటం ఆ మేరకు ఆలస్యమవుతుంది. మీ సీజను నడిచే వేసవి శనివారాల్లో కొన్నైనా మీవారు డ్యూటీ మార్చుకోగలరేమో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి, 1,360 పద్దు తగ్గడం ఒకటి, పాప తండ్రితో గడపడం ఇంకొకటి.

ఈ ఖాళీ ఏడాదిలో ఆ కోర్‌కు స్వచ్ఛంద సేవకు వెళ్లండి. వంట, యూనిఫారాల కుట్టు, నీళ్లు అందించడం వంటి పనులకు వారికి ఎప్పుడూ మనుషులు కావాలి. ఒకటి రెండు వారాంతాలు అక్కడ గడిపితే రిహార్సల్ ఎన్ని గంటలు సాగుతుందో, మీ వయసువారు ఎలా నెట్టుకొస్తున్నారో, డబ్బు విషయాల్లో నిర్వాహకులు ఎంత పద్ధతిగా ఉన్నారో కళ్లారా చూస్తారు. లాభాపేక్ష లేని సంస్థలు ఐఆర్‌ఎస్‌కు ఏటా సమర్పించే ఆదాయ వ్యయాల నివేదిక, ఫారం 990, ఎవరైనా చూడవచ్చు, మీ కోర్‌ది తీసి గత మూడేళ్ల ఆదాయ వ్యయాలు గమనించండి. 1934లో మొదలై యువ విభాగంలో పదిసార్లు ఛాంపియన్‌గా నిలిచిన ది క్యాడెట్స్ అంతటి కోర్ 2024 ఏప్రిల్‌లో మూతపడి దివాలాకు వెళ్లింది. అందుకే ఎంత పేరున్న కోర్ అయినా ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి, వాయిదాలే అడగండి. గాయం వల్ల మధ్యలో మానేయాల్సి వస్తే ఎంత తిరిగి ఇస్తారో, డ్రమ్ము దెబ్బతింటే మరమ్మతు ఎవరిదో, ఉద్యోగం వల్ల ఒక పోటీకి రాలేకపోతే స్థానం ఉంటుందో పోతుందో ఒప్పందంలో రాసి ఉందా అని చూసుకుని, లేకపోతే ఈమెయిల్‌లో రాయించుకుని, ఆ తరువాతే మొదటి వాయిదా కట్టండి.