ప్రభువు కోసం ‘కనిపెట్టడం’ తప్పా?

ప్రశ్న: క్రిస్మస్ ముందొచ్చే అడ్వెంట్ సీజన్ మొదటి ఆదివారానికి చర్చి బ్యానర్ రాయమంటే “ప్రభువు కొరకు కనిపెట్టుదము” అని రాశాను. యూత్ వాళ్లు ఒకటే నవ్వు, బల్బు కనిపెట్టినట్టు దేవుణ్ణి కనిపెడతారా అని. మార్చేయాలా? ‘హోప్’కి నిరీక్షణ అనాలా, ఆశ అనాలా? ఈ సీజన్‌ని ఆగమకాలం అనొచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: ఆ పిల్లల్ని ఏమీ అనకండమ్మా. ఎవరెవరు ఏమేమి కనిపెట్టారో వాళ్లచేత బట్టీ పట్టించింది మనమే, ఆ మాటకి ఇంకో అర్థం ఉందని చెప్పనిదీ మనమే. కానీ అదే పిల్లలకి ఇంట్లో “తమ్ముడు పడుకున్నాడు, కాస్త కనిపెట్టుకుని ఉండు” అంటే చక్కగా అర్థమవుతుంది కదా, అక్కడ ఎవరూ ఏ యంత్రమూ తయారుచేయరు!

‘కని’ అంటే చూసి. కను అనే పాత క్రియని చూచు వచ్చి పక్కకి నెట్టేసింది, అది పోయి కనబడు, కనుక్కో లాంటి వాటిల్లో తలదాచుకుంది. ఇప్పుడు మీరు ‘కని’ తీసేసి ఆ చోట ‘చూసి’ పెట్టండి, చూసిపెట్టు అవుతుంది. “నా బ్యాగ్ కాస్త చూసిపెట్టు” అంటే కాపలా. “మావాడికి ఒక ఉద్యోగం చూసిపెట్టు” అంటే వెతికి పట్టుకోవడం. ఒక్క మాటలోనే కాపలా కాయడమూ ఉంది, దొరకబుచ్చుకోవడమూ ఉంది, మనం రోజూ రెండూ వాడుతూ ఒక్కసారి కూడా తికమకపడం. కనిపెట్టు కథా అంతే, కాకపోతే సైన్సు పుస్తకాలు ఒక అర్థాన్ని పట్టుకుపోయాయి, రెండోదాన్ని బైబిలు కాపాడుకుంటూ వచ్చింది.

130వ కీర్తన తీయండి. “కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది.” ఇక్కడ ‘ఎదురుచూచుచున్నది’ అని పెడితే అర్థం ఏమీ చెడదు గానీ కావలివాడి పని పోతుంది. ఎదురుచూపు కూర్చునీ చూడొచ్చు, కునికిపాట్లు పడుతూ కూడా చూడొచ్చు, కనిపెట్టుకుని ఉండేవాడు రెప్ప వాల్చకూడదు. తెల్లారడం ఖాయమని వాడికి తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు, క్రైస్తవులు నిరీక్షణ అనేది దీన్నే.

ఇంకోటి, లూకా రెండో అధ్యాయంలో ముసలి సుమెయోను. అతన్ని “ఇశ్రాయేలుయొక్క ఆదరణకొరకు కనిపెట్టువాడు” అని పరిచయం చేస్తారు, తీరా పసిబిడ్డ యేసుని చేతుల్లోకి ఎత్తుకున్నాక అతనేమంటాడు, “నీ రక్షణ నేను కన్నులార చూచితిని” అంటాడు. కనిపెట్టినవాడికి కన్నులారా దొరికింది! ఈ జత గ్రీకు మూలంలో లేదు, తెలుగులోనే కుదిరింది, అనువాదకులు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ నాకు మాత్రం పండగే.

అన్నిటికన్నా పెద్దమాట యెషయా 30:18లో ఉంది. “మీయందు దయచూపవలెనని యెహోవా ఆలస్యము చేయుచున్నాడు” అని మొదలుపెట్టి, “ఆయననిమిత్తము కనిపెట్టుకొనువారందరు ధన్యులు” అని ముగుస్తుంది. ఆలస్యం అంటే మనం నిర్లక్ష్యం అనుకుంటాం, ఇక్కడ ఆలస్యమే దయ. మనం ఆయన కోసం కనిపెట్టుకుని ఉంటే, ఆయన మనమీద దయ ‘చూపడానికి’ ఆగి ఉన్నాడు. అటూ చూపే ఇటూ చూపే. ఇంత ఉన్న మాటని తీసేసి “గాడ్ కోసం వెయిట్ చేద్దాం” అని రాస్తామంటే, ఏమిటండీ అది, రైల్వే ప్లాట్‌ఫారమా?

పోతన గారిని తలుచుకోకుండా నేను ఏ ఉత్తరమూ ముగించలేను, ఓపిక పట్టండి. కీర్తనకారుడు మొర పెట్టింది “అగాధస్థలములలోనుండి”, గజేంద్రుడు మొర పెట్టింది మడుగులోంచి. ఇద్దరూ లోతు నీళ్లలోనే ఉన్నారు, ఇద్దరికీ సొంత బలం అయిపోయింది. “లావొక్కింతయు లేదు” అన్నాకే “రావే యీశ్వర” అన్న పిలుపు వచ్చింది. తేడా లేదనను, పోతన దేవుడు లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగెత్తుకొచ్చేస్తాడు, యెషయా దేవుడు దయ చూపడానికే ఆలస్యం చేస్తాడు. ఏది గొప్ప అని అడగొద్దు, నాకు రెండూ కావాలి.

మరి బ్యానర్ సంగతి. మీరు రాసింది తప్పు కాదు. దేవుణ్ణి కనిపెట్టడం వేరు, దేవుని కోసం కనిపెట్టడం వేరు, విభక్తే కాపాడుతుంది. అయినా దారిన పోయేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి “కనిపెట్టుకుని ఉందాం” అంటే ఇన్వెన్షన్ గోల ఉండదు. “ఎదురుచూద్దాం” అన్నా నేను మార్కులు తగ్గించను, కొంచెం మొహం ముడుచుకుంటానంతే.

నిరీక్షణలోనూ ఉన్నది ఈక్షణమే, అంటే చూపే, హిందీలో అది తనిఖీ అయిపోయింది, మన పేపర్లలో “గంటల తరబడి నిరీక్షణ” అయింది, చర్చిలో మాత్రం నిండుగా ఉంది, అలాగే ఉంచండి. ఆశకి పేరాశ, దురాశ, ఆశపోతు అంటూ చెడ్డ చుట్టాలు ఎక్కువ, అయినా అదే 130వ కీర్తనలో “ఆశపెట్టుకొనియున్నాను” అని ఉంది కాబట్టి వెలివేయక్కర్లేదు.

ఆగమకాలం మాత్రం వద్దు. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాల ఆ సీజన్‌ని ఆగమనకాలం అనండి. ఆగమం అన్నారంటే చదువుకున్నవాళ్లు శాస్త్రమనుకుంటారు, బడిపిల్లలు యడాగమం అనుకుంటారు, మిగతావాళ్లకి ఆగమాగమే.