ఎండెక్కితే ఓల్టేజీ దిగుతోంది, బోర్డులు వెనక్కి ఇవ్వొచ్చా?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులకు అలారం పెట్టెలు తయారుచేసి అమ్ముతుంటాను. 12 ఓల్టుల బ్యాటరీని 24కి పెంచే బూస్ట్ కన్వర్టర్ బోర్డులు 400 కొన్నాను, మొత్తం రూ.84,000. పొద్దున 24 ఓల్టులు చూపించే బోర్డు, మధ్యాహ్నం పెట్టెలో వేడి 58 డిగ్రీలకు చేరేసరికి 23.2కి దిగుతోంది. బోర్డుతో ఇచ్చిన డేటాషీట్‌లో (సాంకేతిక వివరాల పత్రంలో) 70 డిగ్రీల దాకా తేడా 2 శాతం దాటదని ఉంది. సరుకు అందిన పదకొండో రోజున వాట్సాప్‌లో ఫిర్యాదు రాశాను. 'ఎండలో పెడితే అంతే' అన్నాడు అమ్మినాయన. బిల్లులో రూ.34,000 ఆపాను, కేసు వేస్తానంటున్నాడు. 120 బోర్డులు వాడేశాను. వాటికి ట్రిమ్‌పాట్ (ఓల్టేజీ సర్దే చిన్న మర) తీసేసి నా దగ్గరున్న రెసిస్టర్లు వేశాను.

జవాబు: మీ కేసు మొత్తం ఆ చివరి వాక్యంలో ఉంది. అదే మీరు చివర్న రాశారు!

ముందు చట్టం సంగతి. 24లో 2 శాతం అంటే 0.48 ఓల్టులు. 23.52 కంటే దిగితే డేటాషీట్‌లో చెప్పిన సరుకు ఇవ్వనట్టే. సరుకు చెప్పిన వర్ణనకు సరిపోవాలనే వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 15 మీకు అనుకూలం. కానీ వెనక్కి ఇవ్వడం కష్టం. 400 బోర్డులూ ఒకే ఆర్డరు, అందులో 120 వాడేసుకున్నారు. కొంత సరుకు స్వీకరించాక ఆర్డరు మొత్తాన్ని తిప్పికొట్టలేరని సెక్షన్ 13(2) సారాంశం. ఇక మిగిలింది సెక్షన్ 59: లోపం మేరకు ధర తగ్గించమనడం, నష్టపరిహారం అడగడం. రూ.34,000 ఆపినందుకు మీ జవాబు ఇదే.

అది నిలబడాలంటే లోపం అమ్మినాయనదని తేలాలి. మా అన్నయ్య కొడుకు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, వాణ్ని కూర్చోబెట్టి అడిగాను. చిప్ ఫీడ్‌బ్యాక్ పిన్ (రెసిస్టర్ల ద్వారా అవుట్‌పుట్ ఓల్టేజీని చిప్ కనిపెట్టే కాలు) దగ్గర మీటరు పెట్టి బోర్డును వేడెక్కించమన్నాడు. పిన్ ఓల్టేజీ కదలకుండా అవుట్‌పుట్ మాత్రమే దిగితే తప్పు రెసిస్టర్లది. మీరు మార్చిన 120లో ఇలా తేలితే ఆయన హాయిగా నవ్వుకుంటాడు. పిన్ ఓల్టేజీ కూడా దిగితే లోడు (బోర్డు నుంచి లాగే కరెంటు) తగ్గించి చూడాలి. అప్పుడు సర్దుకుంటే, మీ సైరను ఎక్కువ కరెంటు లాగుతోందేమో లెక్క చూసుకోండి. తగ్గించినా దిగుతుంటే అనుమానం చిప్ మీదికే పోతుంది.

కాబట్టి ముట్టుకోని 280లోంచే ఆరు బోర్డులు తీసి సీలు వేయండి. పరీక్షకు రమ్మని ఆయనకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రాకపోయినా ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో చేయించండి.

వినియోగదారుల కమిషన్‌కు పరుగెత్తకండి. వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారన్న నియమంలో స్వయం ఉపాధికి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మీ బోర్డులు పెట్టెలో కూర్చుని మళ్లీ అమ్ముడుపోతున్నాయి కాబట్టి మీరు వినియోగదారు కాదని మొదటి వాయిదాకే వాదిస్తారు. సివిల్ కోర్టే నయం, మూడేళ్ల గడువుంది.

ఆ వాట్సాప్ ఫిర్యాదు మాత్రం మంచి పని. ఆయన సొంతంగా బోర్డులు తయారుచేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమైతే, బాకీ మీద బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే మీరు డబ్బు కట్టాల్సిన గడువు లెక్క మారుతుంది. ఫోన్లో పోట్లాడితే లెక్కలోకి రాదు. ఆ ఫోను అమ్మకండి, చాట్ చెరిపేయకండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, మీ లాయరుకు ముందే చెప్పండి.