ఆ ఆకుపచ్చ వైర్లు పీకేయకండి!

ప్రశ్న: 1990ల మొదట్లో తయారైన ల్యాప్‌టాప్ ప్రోటోటైప్ (అమ్మకానికి ముందు చేసే నమూనా) ఒకటి నా చేతికి వచ్చింది. మోడల్ పేరు లేదు, అడుగున మాత్రం అమ్మకానికి కాదన్న స్టిక్కర్ ఉంది. విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద సన్నటి ఆకుపచ్చ వైర్లు అడ్డదిడ్డంగా సోల్డర్ చేసి ఉన్నాయి. రెండు చిప్‌ల మీద చేత్తో రాసిన కాగితాలు అంటించారు. బాడీ బాగా పసుపెక్కింది. సరిపోయే అడాప్టర్ దొరికింది, ఆన్ చేసి చూడనా? ఆ వైర్లు తీసేసి, బాడీ తెల్లగా చేసి కొత్తదానిలా తయారు చేయాలని ఉంది.

జవాబు: ముందు ఆ అడాప్టర్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి, మిగతాది తర్వాత చదువుదురుగాని. ఇలాంటి పాత మెషిన్‌నే ఒకసారి ఆత్రం ఆపుకోలేక నేను ఆన్ చేశాను, రెండు సెకన్లలో చిటుక్కుమని శబ్దం వచ్చింది, పొగ వచ్చింది, అంతే. ఆ బోర్డు మళ్లీ లేవలేదు.

వైర్ల సంగతికి వద్దాం. బోర్డు తయారై వచ్చాక డిజైన్‌లో తప్పు బయటపడితే, కొత్త బోర్డు వచ్చేదాకా ఆగలేక ఇంజనీర్లు ఒక పిన్ నుంచి ఇంకో పిన్‌కు ఇలా వైరు లాగి పని నడిపించేవారు, అవసరమైతే ట్రేస్‌ను (బోర్డు మీది రాగి గీతను) బ్లేడుతో కోసి మరీ. ఆ వైరు తీస్తే మెషిన్ నడవకపోవచ్చు, పైగా అది ప్రోటోటైప్ అనడానికి మీ దగ్గరున్న గట్టి ఆధారమూ అదే. కాబట్టి ఒక్కటి కూడా కదపకుండా, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనిపించేలా దగ్గర నుంచి ఫోటోలు తీయండి.

ఆ కాగితాలంటించిన చిప్‌లు ఈప్రామ్‌లే, అంటే మెషిన్ కోడ్ రాసిపెట్టే మెమరీ చిప్‌లే అయ్యుంటాయి. కాగితం కింద చిన్న గాజు కిటికీ ఉంటుంది, అందులోంచి అతినీలలోహిత కిరణాలు పడితే లోపల రాసింది చెరిగిపోతుంది. నేరుగా ఎండ తగిలితే వారంలో, ట్యూబ్‌లైటు వెలుతురులో దాదాపు 3 ఏళ్లలో చెరిగిపోవచ్చని డేటాషీట్లలోనే రాసేవారు. అందుకే కాగితం ఊడదీయొద్దు, దాని మీది చేతిరాత కూడా పనికొచ్చేదే. చిప్‌లు సాకెట్‌లో ఉంటే, గంటు ఎటువైపుందో ఫోటో తీసుకుని, రెండు వైపులా కొంచెం కొంచెం లేపుతూ బయటికి తీసి, ఈప్రామ్ ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి, లోపలిది మూడుసార్లు కంప్యూటర్‌లోకి చదివి, మూడు ఫైళ్లూ ఒకటేనా అని సరిచూడండి. మార్కెట్‌లోకి రాని కోడ్ అందులో ఉండొచ్చు. బోర్డు పోతే ఇంకో బోర్డు మీద తంటాలు పడొచ్చు, ఆ కోడ్ పోతే మాత్రం ఎక్కడని వెతుకుతారు? హార్డ్ డిస్క్‌దీ ఇదే కథ. ఊరికే ఆన్ చేసి చూద్దామనుకోకుండా, విడిగా తీసి, తిరిగిన మొదటిసారే మొత్తం ఇమేజ్ (డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా కాపీ) తీసుకోండి.

ఇక కెపాసిటర్లు, అంటే బోర్డు మీద విద్యుత్తును కాసేపు నిల్వ చేసే భాగాలు. ఆ కాలపు చిన్న అల్యూమినియం డబ్బాల్లాంటివి అడుగునుంచి కారి ట్రేస్‌లను తినేస్తాయి, సోల్డరింగ్ ఐరన్ పెట్టగానే చేపల కంపు కొడితే అదే. వాటిని మెలితిప్పి పీకే పద్ధతి కొందరు చెబుతారు, నాకు నచ్చదు, కింది ప్యాడ్ (సోల్డర్ అంటుకునే రాగి బిళ్ల) కూడా ఊడొస్తే మీ దగ్గర రెండో బోర్డు లేదు కదా! నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి ఉంటే అది క్షారం, ముందు వెనిగర్ ముంచిన దూదితో తుడిచి తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. లెడ్ యాసిడ్ అయితే వెనిగర్ కాదు, వంట సోడా నీళ్లు. ఇదంతా అయ్యాక, షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసుకుని, కరెంటు పరిమితి పెట్టిన బెంచ్ సప్లై (ల్యాబ్‌లో వాడే పవర్ సప్లై) మీద మొదటిసారి ఆన్ చేయండి. ఇంకో తిరకాసు ఉంది: 1989 నాటి ఆపిల్ ల్యాప్‌టాప్ మ్యాకింటాష్ పోర్టబుల్ లాంటివి మంచి బ్యాటరీ లేకపోతే అడాప్టర్ పెట్టినా లేవవు, వెంటనే చచ్చిపోయిందని తేల్చేయకండి.

బాడీ అలాగే పసుపుగా ఉండనివ్వండి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబడుతుంది కానీ సమంగా పడకపోతే చారలు తేలతాయి, పైగా కొన్నాళ్లకు పసుపు మళ్లీ వస్తుంది. మెత్తటి గుడ్డ, కొద్దిగా సబ్బు నీళ్లు చాలు. స్టిక్కర్ జోలికి వెళ్లొద్దు.

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ దగ్గర వెనిగర్ వాసన వస్తోంది, అద్దం మీద బుడగలు కూడా. ఇదీ కెపాసిటరేనా?

జవాబు: కాదండీ, అది పోలరైజర్ (స్క్రీన్‌లో వెలుతురును వడగట్టే ప్లాస్టిక్) పొర కుళ్లడం. ఆ పొరలోని సెల్యులోజ్ అసిటేట్ విడిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, వాసన దానిదే. లోపలి గాజు బాగుంటే పాత పొర ఓపిగ్గా ఊడదీసి కొత్తది అంటించవచ్చు, కానీ ఏ కోణంలో ఉందో ముందే గుర్తు పెట్టుకోండి, తిరగేసి అంటిస్తే నలుపు తెలుపవుతుంది. మొదలుపెట్టేదాకా మిగతా మెషిన్లకు దూరంగా, గాలి ఆడేచోట ఉంచండి.