స్మారక నాణేల్లో పాప చదువు డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: ఫిలడెల్ఫియా దగ్గర ఉంటున్నాం. అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లని మావారు స్మారక నాణేలు, వెండి పతకాలు కొంటున్నారు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే 200 ఏళ్ల పండక్కి, 1976లో, చేసిన నాణేల డబ్బా తెచ్చారు. పాప కాలేజీకని 529 ఖాతాలో (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే అమెరికా ఖాతా) దాచిన 5,000 డాలర్లూ తీసి వీటిలోనే పెడదామంటున్నారు. మంచిదేనా?

జవాబు: ఆ డబ్బు మాత్రం ముట్టుకోవద్దండీ. చదువుకి కాకుండా తీస్తే, దాని మీద వచ్చిన లాభానికి పన్నూ, పైన 10 శాతం జరిమానా కట్టాలి. నాణేలు ఏడాది దాటాక లాభానికి అమ్మినా ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పడొచ్చు. షేర్లకైతే 20 దాటదు.

ఇక ఆ డబ్బా. డప్పు కొడుతున్న సైనికుడి బొమ్మ ఉన్న పావు డాలర్లే ఎక్కువ ఉండి ఉంటాయి. వాటిని 160 కోట్లకు పైగా ముద్రించారు. ఇంటింటా రెండు మూడు దాచుకున్నారు కాబట్టి వాడిన నాణెం ఇవాళ్టికీ పావు డాలరే. 40 శాతం వెండి కలిపినవి వేరే ఉన్నాయి, శాన్ ఫ్రాన్సిస్కోలో చేసినవి, 'ఎస్' గుర్తుతో. కానీ ఆ గుర్తు సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా మెరిసేలా చేసిన వెండి లేని 'ప్రూఫ్' నాణేల మీదా ఉంటుంది. అందుకని నాణేన్ని నిలబెట్టి అంచు చూడండి. ఎర్రటి రాగి గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తే వెండిది కాదు. పావు, అర, డాలరు మూడూ వెండివే అయినా కలిపి 17 గ్రాముల లోపే వెండి.

స్వాతంత్ర్యం 150వ ఏడాదికి, 1926లో, వాషింగ్టన్, అప్పటి అధ్యక్షుడు కూలిడ్జ్ ముఖాలతో వెండి అర డాలర్లు 10 లక్షలకు పైగా కొట్టారు. కొనేవాళ్లు లేక 8.59 లక్షలు కరిగించేశారు. మిగిలింది 1.41 లక్షలే. అందుకే సేకరించేవాళ్లు ఇప్పటికీ వాటి కోసం వెతుకుతారు. ఈ ఏడాది అందరూ దాచుకునేవాటికి ఆ గిరాకీ వస్తుందని నేను అనుకోను.

ప్రైవేటు కంపెనీల పతకాల విషయంలో మరీ జాగ్రత్త. 1970ల్లో పెట్టెలతో సహా ఖరీదుగా అమ్మిన వెండి పతకాలను ఇప్పుడు చాలా దుకాణాల్లో తూకానికే తీసుకుంటున్నారు. మీవారిని ఒక్క పని చేయమనండి: ఇంట్లో ఉన్న ఒక పతకాన్ని రెండు దుకాణాలకు పట్టుకెళ్లి, ఎంతకు కొంటారో అడిగి రమ్మనండి.

ఇష్టాన్ని చంపుకోమనడం లేదు. నెల ఖర్చుల్లో మిగిలిన యాభయ్యో వందో పెట్టి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని కొనుక్కోండి. ఇంటి బీమాలో నాణేలకు పరిమితి ఎంతుందో చూడండి. నల్లబడ్డాయని మాత్రం చింతపండుతో తోమకండి, తోమిన నాణేనికి సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు.