బీబీసీ వీడియో: అభిమానులు అడిగిన క్యాసెట్ తొమ్మిదేళ్లకి వచ్చింది

పాత క్యాసెట్ల మీద కనిపించే 'బీబీసీ వీడియో' ఎలా మొదలైంది, చివరికి ఏమైంది అని అడిగారు. 2007లో చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఛారిటీ షాపుల్లో ఈ క్యాసెట్లు ఏరుకుని కొనేవాణ్ణి. అలా తెలిసిన కథ ఇది.

1980లో బీబీసీ వ్యాపార విభాగమైన బీబీసీ ఎంటర్‌ప్రైజెస్ కింద ఈ లేబుల్ పుట్టింది. నాకు బాగా తెలిసింది బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' క్యాసెట్ల సంగతి. 1983లో ఆ సీరియల్ ఇరవయ్యేళ్ల వేడుక ఇంగ్లండ్‌లోని లాంగ్‌లీట్‌లో జరిగింది. ఏ కథ క్యాసెట్‌గా కావాలని అభిమానుల్ని అడిగితే, 1967 నాటి 'ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్' అన్నారు. తీరా చూస్తే అది బీబీసీ దగ్గరే లేదు! ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదు ఎక్కువ, ఇళ్లల్లో వీసీఆర్‌లు లేవు. మళ్లీ ఎవరు చూస్తారులే అని చెరిపేసి, అదే టేపు మీద ఇంకోటి రికార్డు చేసుకునేవాళ్లు.

దాని బదులు 1975 నాటి 'రివెంజ్ ఆఫ్ ది సైబర్‌మెన్' విడుదల చేశారు. ధర 39.95 పౌండ్లు. పైగా నాలుగు ఎపిసోడ్లనీ ఒకే సినిమాలా అతికించేశారు. ఎపిసోడ్ ఆగిపోయే చోట ఉండాల్సిన టెన్షనంతా పోయింది. నాకది ఇప్పటికీ బాధే.

'టూంబ్' ఫిల్మ్ ప్రింట్లు 1991 చివర్లో హాంకాంగ్‌లో బయటపడ్డాయి, నాలుగు భాగాలూ. 1992 మేలో క్యాసెట్ వచ్చేసింది. నా కాపీని సెలవులకి గుంటూరు తెచ్చాను. రీలు అంచున తెల్లగా బూజు. దూదితో మెల్లగా తుడిచి నాన్నగారి వీసీఆర్‌లో పెడితే చక్కగా ఆడింది, టీవీకి అక్కడా ఇక్కడా పాల్ (PAL) పద్ధతే కదా. వెంట తెచ్చిన డీవీడీ మాత్రం ఆడలేదు. డీవీడీలకి ప్రాంతాన్ని బట్టి కోడ్ ఉంటుంది: అది రీజియన్ 2, మన ప్లేయర్ రీజియన్ 5.

2004లో బీబీసీ వరల్డ్‌వైడ్ (బీబీసీ ఎంటర్‌ప్రైజెస్‌కే తర్వాతి పేరు), షాపుల సంస్థ వూల్‌వర్త్స్ గ్రూపు కలిసి 'టూ ఎంటర్‌టైన్' అనే వీడియో కంపెనీ పెట్టాయి. బీబీసీ వీడియో అందులో కలిసింది. 2008 చివర్లో వూల్‌వర్త్స్ దివాలా తీసింది. ఇంగ్లండ్‌లో నేనున్న ఊళ్లోని వూల్‌వర్త్స్ షాపులో డీవీడీలతో పాటు అవి పెట్టే అరలు కూడా అమ్మకానికి పెట్టేశారు. 2010లో 'టూ ఎంటర్‌టైన్'లో వూల్‌వర్త్స్ వాటాని బీబీసీ వరల్డ్‌వైడ్ కొనేసింది. ఆ ఏడాదే 'రివెంజ్' డీవీడీ వచ్చింది, నాలుగు ఎపిసోడ్లూ విడివిడిగా, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతూ.